నిమ్మరసంలో ఎర్రబడని మందు

నాలుగు గంటలకి ల్యాబ్ రిపోర్టు వస్తుంది, నాలుగూ ఐదుకి రంగులావిడ చేతులకి సంకెళ్ళు పడతాయి. ఈ సంగతి ఇన్‌స్పెక్టర్ చాలా తీరిగ్గా, టైలరింగ్ షాపు గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పాడు. అప్పటికి టైము పన్నెండూ నలభై. డిటెక్టివ్‌కి మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు ఆయన గుమ్మంలోనే తినేశాడు.

రెండేళ్ళ కిందట ఆయన మూసి అటకెక్కించిన కేసుని ఈ డిటెక్టివ్ దింపి, దుమ్ము దులిపి, అసలు దొంగని తెచ్చి ఆయన బల్ల ముందు నిలబెట్టింది. ఆ రోజు నుంచీ ఆయన ఆమెని 'మేడం' అని పిలిచినప్పుడల్లా ఆ మాటలో చిన్న ముల్లు ఉంటుంది.

"లోపలేముంది మేడం చూడ్డానికి? ఎనిమిది రోజులైంది. గచ్చు ఊడ్చేశారు, గుడ్డపేలికలు మేం తీసుకెళ్ళాం. మీకు మిగిలింది కత్తెర, కొలతల టేపు."

"కత్తెర ఉందిగా, చాలు. కాస్త జరగండి" అంటూ ఆమె లోపలికి నడిచింది.

నడిచింది అంటే మామూలు నడక కాదు. ఇరవై రెండేళ్ళు స్కూలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా నిలబడి నిలబడి సంపాదించుకున్న నడక అది. మోకాళ్ళ కింద నీలం నరాలు ముడులు పడి ఉబ్బి ఉంటాయి. డాక్టర్లు వేరికోస్ అంటారు. ఆమె మాత్రం వాటి మీద బిగుతు మేజోళ్ళు తొడిగి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా తిరుగుతుంది. డిటెక్టివ్ కుంటితే జనం కేసు కూడా కుంటుతోందనుకుంటారని ఆమె భయం.

చనిపోయినవాడిదీ అదే జబ్బు. కటింగ్ మాస్టర్. ముప్పై ఐదేళ్ళు ఈ బల్ల ముందు నిలబడి గుడ్డ కోసిన మనిషి. ఈ నెల నాలుగో తారీకు పొద్దున ఇదే బల్ల వెనకాల పడిపోయాడు. చీలమండ లోపలివైపు ఉబ్బిన నరానికి గుండుసూది తల అంత చిల్లు పడింది. అంత చిన్న చిల్లులోంచి పోయిన రక్తం ఆగలేదు. ఆయన మూడేళ్ళుగా వాడుతున్న మందు ఒక్కటే: రంగులావిడ క్యాప్సూల్.

రంగులావిడ అసలు పేరు షాపున్న వీధిలో చాలామంది ఎరగరు. నల్లద్రాక్ష తొక్కల్లోంచి ఊదారంగు తీసి, ఆరబెట్టి, పొడిచేసి క్యాప్సూళ్ళలో పెడుతుంది. పండుకి నలుపునిచ్చే ఆ రంగే నరాల గోడలకి కాస్త బిగువునిస్తుందని ఆమె నమ్మకం. కొందరికి కాళ్ళ బరువు తగ్గుతుంది, కొందరికి ఏమీ కాదు, ఉబ్బిన నరం మాత్రం మాయం కాదు, డాక్టరుకి చూపించుకోండి అని కొనడానికి వచ్చినవాళ్ళకి ఆమే చెప్పి పంపేది. అలాంటి మనిషి ఇప్పుడు హంతకురాలు. రంగు రక్తాన్ని నీళ్ళు చేసిందని ఇన్‌స్పెక్టర్ వాదన.

ఒంటిగంటకి డిటెక్టివ్ సంచిలోంచి ఊదారంగు లేబుల్ ఉన్న సీసా తీసి, ఒక క్యాప్సూల్ నోట్లో వేసుకుని, మంచినీళ్ళతో గుటుక్కుమని మింగింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఇన్‌స్పెక్టర్ కళ్ళు సీసా మీద పడ్డాయి.

"ముద్దాయి మందే మింగుతున్నారా? భలే ధైర్యం."

"నమ్మకం" అంది డిటెక్టివ్, సీసా బల్ల మీద పెడుతూ.

నిజానికి ఆ సీసా ఆమె కొన్నది కాదు. ఏడు రోజుల కిందట రంగులావిడ, ఆమె అన్నయ్య వచ్చి కేసు ఒప్పజెప్పారు. వెళ్తూ వెళ్తూ అన్నయ్య మెట్ల మీంచి ఒక్కడే వెనక్కి వచ్చి, 'మీ కాళ్ళు చూసి మా చెల్లెలు బాధపడింది మేడం, ఇది మీకిమ్మంది' అని చేతిలో పెట్టాడు. ఎంత దాచినా తన నడక పట్టేసినందుకు ఆమెకి సిగ్గేసింది. పట్టించుకున్నందుకు సంతోషమూ వేసింది.

మాస్టర్ భార్య లోపలి గదిలోంచి వచ్చి, గుండీలు కుట్టే ఎత్తుపీట మీద కూర్చుంది. ఎనిమిది రోజుల్లో ఆమె చేతికి పని లేక వేళ్ళు ఊరికే దారం చుడుతున్నాయి. డిటెక్టివ్ ఎదురుగా నిలబడి నోట్‌బుక్ తీసింది.

"షాపు ఎన్నింటికి తెరిచారు ఆ రోజు?"

"ఆరున్నరకి. మందు ఏడింటికి, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే."

"తర్వాత?"

"ఏడూ నలభైకి ఎవరికో ఫోన్ చేసి, పదకొండుకి ట్రయలుకి రమ్మన్నారట. నేను టిఫిను డబ్బా పట్టుకుని ఎనిమిదింబావుకి వచ్చాను. అప్పటికే..."

ముప్పై ఐదు నిమిషాలు. డిటెక్టివ్ రాసుకుంది. బల్ల కింద పోగుపడ్డ గుడ్డపేలికలు రక్తం మొత్తం పీల్చేసుకున్నాయి, గచ్చు మీదకి చుక్క రాలేదు. పొడుగు ప్యాంటు, బల్ల చాటు. కాలు తడిగా ఉందని తెలిసేసరికే ఆయనకి కళ్ళు తిరిగి ఉంటాయి. ఆ క్షణాన పడుకుని కాలు పైకెత్తి, చిల్లు మీద గట్టిగా అదిమి ఉంటే బతికేవాడేమో. నిలబడే అలవాటున్న మనిషి నిలబడే ఉన్నాడు.

"క్యాప్సూల్ మింగేవారా?" అని అడిగింది, వచ్చే జవాబు తెలిసినట్టే.

తెలియదని తేలింది. మాస్టర్‌కి క్యాప్సూల్ గొంతు దిగేది కాదట. దాన్ని విప్పి, పొడిని నిమ్మకాయ నీళ్ళలో కలుపుకుని తాగేవాడట. ఊదా పొడి పడగానే గ్లాసు మొత్తం ఎర్రగా మారిపోయేదట. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, ఈ ఎరుపులో లైనింగ్ గుడ్డ దొరికితే ఎంత బాగుండునని రోజూ ఒకే మాట అనేవాడట. రోజూ వినీ వినీ విసుగెత్తి, ఇక ఆపండి మహానుభావా అని తను కసిరేదట. చెప్తూ చెప్తూ ఆమె ఏడ్చింది. కసరడానికి ఇప్పుడు మనిషి లేడు.

"కిందటి నెల్లో మాత్రం ఆ మాట మానేశారమ్మా" అంది కళ్ళు తుడుచుకుని. "కొత్త సీసా తెరిచాక రంగు చచ్చిపోయిందని గొణిగేవారు."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. "ఎవరికైనా చెప్పారా?"

"'చెప్పాల్సినవాళ్ళకి చెప్పానే, చూస్తామన్నారు' అని నాతో అన్నారు. ఎవరికో నేను అడగలేదు. మర్నాడే ఇంకో సీసా మార్చి ఇచ్చారు, రంగు మాత్రం మారలేదు."

"ఆ సీసా ఎవరు తెచ్చిచ్చారు?"

"నేను ఇంట్లో ఉంటాను కదమ్మా, చూడలేదు. వచ్చేది మాత్రం ఎప్పుడూ వాళ్ళింటి నుంచే."

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే నవ్వాడు. విన్నారుగా, వాళ్ళింటి నుంచే అన్నట్టు కనుబొమలెగరేశాడు. డిటెక్టివ్ ఆ నవ్వుని అక్కడే వదిలేసి, బల్ల సొరుగు లాగింది.

చాక్ ముక్కలు, దారపుండలు, విరిగిన జిప్పులు. అడుగున అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఉంది. అది మ్యాచింగ్ పుస్తకమని భార్య చెప్పింది. షాపుకొచ్చిన ప్రతి గుడ్డ నుంచీ వేలెడు ముక్క కోసి, గుండుసూదితో గుచ్చి, పక్కన తారీకు రాసుకోవడం మాస్టర్ పద్ధతి. దారమైనా లైనింగైనా ఆ ముక్క పక్కన పెట్టి చూడందే కొనేవాడు కాదు. కళ్ళు అబద్ధమాడతాయి, ముక్క ఆడదు అనేవాడట.

డిటెక్టివ్ వెనక నుంచి తిరగేసింది. కిందటి నెల పదకొండో తారీకు పేజీలో కస్టమరు పేరు లేదు. రెండు తెల్ల లైనింగ్ ముక్కలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎర్రగా ఉంది, దాని కింద 'పాతది' అని ఉంది. రెండోది ఊదాగా ఉంది, దాని కింద 'కొత్తది' అని ఉంది. తన మందునే మాస్టర్ గుడ్డలాగా మ్యాచింగ్ చూసుకున్నాడు. పాత సీసా అడుగున మిగిలినదీ కొత్త సీసాలోదీ ఒకే నిమ్మకాయ నీళ్ళలో కలిపి, ముక్కలు ముంచి, ఆరబెట్టి గుచ్చాడు.

ఆత్రంగా సూది లాగబోతే అది వేలికి కసుక్కున దిగింది. టైము ఒంటిగంటా ఇరవై. ఆమె రుమాలు వేలికి చుట్టుకుని, పుస్తకాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళింది. చాలా రోజుల తర్వాత ఆమె గుండె ఉత్సాహంతో కొట్టుకుంది.

రెండింటికి రంగులావిడ వచ్చింది. ఇన్‌స్పెక్టరే రమ్మన్నాడు. అరెస్టు చెయ్యాల్సిన మనిషిని కళ్ళెదుట పెట్టుకుంటే ఆయనకి నిశ్చింత. నలభై ఏళ్ళావిడ, సన్నగా ఉంటుంది, ఎనిమిది రోజుల్లో ఇంకా సన్నబడింది. ఆమె వెనకే అన్నయ్య కారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు. ఈ పనిలో చెల్లెలిది రంగు, నాది అంటింపు అని నవ్వించే భారీ మనిషి. క్యాప్సూళ్ళు నింపడం, లేబుళ్ళు అంటించడం, ఇళ్ళకి అందించడం అతని వంతు.

మాస్టర్ భార్య బల్ల దగ్గర స్టూలు చూపించింది. అతను బల్ల నిండా ఉన్న కత్తెరలనీ సూదులనీ చూసి, వద్దమ్మా, ఇక్కడే బాగుందని గుమ్మం పక్కన కూర్చున్నాడు. జేబులోంచి ఏడు గదుల మాత్రల డబ్బా తీసి, గడియారం చూసుకుని ఒకటి వేసుకున్నాడు.

"గుండెకి వాల్వు మార్చారు మేడం. ఒక్క పూట మరిచిపోయినా డాక్టరే చంపేస్తాడు" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆమె వైపు వంగి గొంతు తగ్గించి అడిగాడు. "మీరు వేళకి వేసుకుంటున్నారా?"

వేసుకుంటున్నానన్నట్టు డిటెక్టివ్ తలూపింది. అతని శ్రద్ధకి ఆమెకి ముచ్చటేసింది. ఆ ముచ్చటకి తర్వాత ఆమె తనని తాను చాలాసేపు తిట్టుకోవలసి వచ్చింది.

ఆమె రంగులావిడని బల్లకి ఇవతల నిలబెట్టి, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి మందు వెళ్తుందో మెట్టుమెట్టుగా అడిగింది. తొక్కలు నానబెట్టేదీ, రంగు వడకట్టేదీ, ఆరబెట్టేదీ తనేనంది. నింపేది అన్నయ్య అంది. గుమ్మం పక్క నుంచి అన్నయ్య చెయ్యెత్తాడు. కావాలంటే తననీ తీసుకెళ్ళమనీ, చెల్లెలు ఒక్కత్తే లోపలుంటే భయపడుతుందనీ అన్నాడు. రంగులావిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్‌స్పెక్టర్ కూడా చూపు తిప్పుకున్నాడు.

"మాస్టర్ సీసా తెచ్చారా?" అని డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

ల్యాబ్‌కి పంపగా మిగిలినది ఆయన దగ్గరే ఉంది, సీలు కవరులో. ఇవ్వడానికి మొరాయించాడు. సాక్షుల ముందు ఒక్క క్యాప్సూల్ చాలని ఆమె పట్టుబట్టింది. నాలుగింటి దాకా ఎలాగూ ఖాళీయే అనుకున్నాడో ఏమో, సీలు విప్పాడు. మాస్టర్ భార్య నిమ్మకాయ కోసి, గ్లాసులో నీళ్ళతో కలిపి తెచ్చింది. ఆ గ్లాసు మాస్టర్‌దే.

"ముందు మీ సంచి ఇలా ఇవ్వండి" అంది డిటెక్టివ్.

రంగులావిడ భుజాన ఉన్న సంచి ద్రాక్షపిప్పి వడకట్టి వడకట్టి ఊదాగా మారిన గుడ్డతో కుట్టింది. పారెయ్యబోతుంటే మాస్టరే అడిగి తీసుకుని, ఊరికే కుట్టి ఇచ్చాడు. డిటెక్టివ్ దాని అంచు మీద నిమ్మచెక్క పిండింది. అందరూ చూస్తుండగానే ఊదా గుడ్డ మీద ఎర్రటి మరక పువ్వులా విచ్చుకుంది.

"అసలు రంగు ఇలా ఉంటుంది. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు తగిలితే పచ్చబడుతుంది. ఇరవై రెండేళ్ళు పిల్లలకి ఇదే చూపించాను. ఇప్పుడు ఇది చూడండి."

సీసాలోంచి తీసిన క్యాప్సూల్ విప్పి గ్లాసులో వేసింది. నీళ్ళు ఊదాగా అయ్యాయి. ఊదాగానే ఉన్నాయి. చెంచాతో కలిపినా, ఇంకో చెక్క పిండినా మారలేదు. అడుగున మాత్రం సుద్దలాంటి తెల్లటి పొడి సన్నగా చేరింది. రంగులావిడ గ్లాసుకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూసింది.

"ఇది నాది కాదు" అంది. ఆ గొంతులో భయం కంటే కోపమే ఎక్కువుంది. "ఇది గుడ్డలకి వేసే రంగు."

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

"బాగుంది మేడం. మందు నకిలీ అని తేల్చారు. నకిలీ చేసింది ఎవరు? ఇంటి నుంచి వచ్చిన సీసా, ఇంట్లో అంటించిన లేబుల్. తొక్కలు దొరక్క ఈవిడే రంగు కలిపింది. నా పని మీరే సగం చేసిపెట్టారు."

"లేబుల్ చదివారా?"

"ఊదాగా ఉంది. చదవడానికేముంది?"

డిటెక్టివ్ ఆ సీసాని ఆయన ముక్కు కిందకి తీసుకెళ్ళింది. అడుగున సన్నటి అక్షరాలు. నిమ్మరసంలో వేసి చూడండి, ఎర్రబడితేనే ఇది నాది.

"ప్రతి సీసా మీదా తన దొంగతనాన్ని పట్టుకునే ఉపాయం తనే అచ్చు వేయించుకునే దొంగ ఉంటుందా? ఈవిడకి రంగు మార్చాలనుంటే ముందు లేబుల్ మార్చేది. ఈ సీసా నింపింది ఎవరో బయటివాళ్ళు, వాళ్ళకి లేబుల్ అంటే అంటించే కాగితమే. ఏం రాసుందో చదివే అలవాటు కూడా లేదు."

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది, నిమ్మరసం అవసరం లేకుండానే. ఒక అడుగు ముందుకేశాడు. మీరు చెప్పేది కోర్టులో నిలబడదన్నాడు. నిలబడేదాకా ఆగకుండా అరెస్టు చేస్తే మళ్ళీ రెండేళ్ళ కిందటి కథే అవుతుందని ఆమె అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన గొంతు పెంచాడు, ఆమె వెనక్కి జరగబోయి కుట్టుమిషను ఇనప పెడల్‌కి చీలమండ కొట్టుకుంది. కాలు చురుక్కుమంది. పళ్ళు బిగబట్టుకుని, ఆ నొప్పి ఆయనకి కనబడకుండా నిలబడింది.

చివరికి ఆయనే తగ్గాడు. రెండేళ్ళ కిందటి కథ ఆయనకి ఇంకా మింగుడుపడలేదు. రిపోర్టు చేతికి వచ్చేదాకా రంగులావిడ ఇంటికి వెళ్ళొచ్చనీ, ఊరు దాటకుండా అన్నయ్య పూచీ పడాలనీ అన్నాడు. అన్నయ్య వెంటనే లేచి సంతకం పెట్టాడు. డిటెక్టివ్ ఆ కాగితం కింద సాక్షిగా తనూ సంతకం చేసింది. చుట్టుకున్న రుమాలు తగిలి కాగితం అంచుకి ఎర్రటి మచ్చ అంటింది. టైము మూడు.

రంగులావిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వదిలి వెళ్ళబోతూ బల్ల మీదున్న డిటెక్టివ్ సీసాని చూసి ఆగింది.

"ఈ సీసా మీకెక్కడిది మేడం? ఎవరిచ్చారు?"

"పద చెల్లీ, నీ ముఖం చూడు ఎలా అయిపోయిందో. ఇల్లు చేరడానికే గంట పడుతుంది, వెళ్ళి పడుకుందువుగాని" అని అన్నయ్య ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. డిటెక్టివ్ జవాబు చెప్పేలోగా కారు తలుపు పడిన చప్పుడైంది. తనే ఇప్పించి మరిచిపోయిందనుకుంది డిటెక్టివ్. ఈ ఎనిమిది రోజుల్లో ఆవిడకి ఏం గుర్తుండి ఉంటుందిలే అని కూడా అనుకుంది.

ఇన్‌స్పెక్టర్ ముఖం ముడుచుకుని తన బండెక్కాడు. మాస్టర్ భార్య తలనొప్పిగా ఉందని, తాళం బల్ల మీద పెట్టి ఇంటికెళ్ళింది. షాపులో డిటెక్టివ్ ఒక్కత్తే మిగిలింది. గెలిచానన్న తృప్తితో మ్యాచింగ్ పుస్తకంలో ఉన్న పేజీలన్నీ నిలబడే తిరగేసింది.

మూడూ ఇరవై ఐదుకి ఫోన్ మోగింది.

"రిపోర్టు ముందే వచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో గెలుపు దాచుకోలేదు. "రంగు కాదు మేడం, ఆ తెల్ల పొడి. రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలట. నూరి కలిపారు. మూడు వారాలకి పైగా రోజూ ఒంట్లోకి వెళ్ళింది. కాగితాలు సంతకమైతే అరగంటలో ఆవిడింటికి వెళ్తున్నాను."

"ఎవరు వాడతారు ఆ మాత్రలు?"

"ఎవరైతే ఏం? గుండె వాల్వు మార్చినవాళ్ళకి రాస్తారట" అని పెట్టేశాడు.

ఫోన్ దింపుతుంటే రుమాలు కనబడింది. పొద్దున తెల్లగా ఉన్న రుమాలు. విప్పి చూసింది. సూది గుచ్చుకుని రెండు గంటలు దాటింది, వేలి కొన మీద ఎర్రటి బొట్టు ఇంకా ఊరుతోంది. తుడిచింది. మళ్ళీ ఊరింది.

ఆమె బల్ల మీదున్న తన సీసా వైపు చూసింది.

ఏడు గదుల డబ్బా. సూదుల బల్లకి దూరంగా కూర్చున్న మనిషి. నింపేది తనేనని ఎత్తిన చెయ్యి. వేళకి వేసుకుంటున్నారా అని అడిగిన శ్రద్ధ. 'మా చెల్లెలు ఇమ్మంది' అని అన్న చెప్పాడు, 'ఎవరిచ్చారు' అని చెల్లెలు అడిగింది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు, అడిగినావిడ మాత్రం కాదు.

సీసా తీసుకుంది. లేబుల్ అడుగున ఆ సన్నటి అక్షరాలు తన సీసా మీద కూడా ఉన్నాయి. ఏడు రోజులు, రోజుకి రెండు, ఒక్కసారైనా నిమ్మచుక్క వేసి చూడలేదు. పక్కవాడి సీసా కడిగి ఆరేసిన ల్యాబ్ మనిషి తనది మాత్రం మంచినీళ్ళతో మింగింది. సాటి నొప్పి తెలిసినవాడిలా వచ్చి ఇచ్చాడని, కళ్ళు మూసుకుని మింగింది.

క్యాప్సూల్ విప్పింది. మిగిలిన నిమ్మచెక్కలు రెండూ ఇంకో గ్లాసు నీళ్ళలోకి పిండి, పొడి వేసింది. ఎర్రబడు అని మనసులో బతిమాలింది. నీళ్ళు ఊదాగా మారి, ఊదాగానే నిలిచాయి. తెల్లటి పొడి మెల్లగా అడుక్కి దిగింది.

అసలు పొడి ఎక్కడో అమ్ముకుని గుడ్డల రంగు నింపిన మోసం బయటపెడతాడని, మార్చి ఇచ్చిన సీసాలో మాత్రలు నూరి మాస్టర్‌ని చంపాడు. ఆ మోసం ఎవరిదో బయటపెడుతుందని తనని చంపబోయాడు. రెండు చావులూ చెల్లెలి మందు ఖాతాలోకే పోతాయి. ఇప్పుడా చెల్లెలు అతని కళ్ళెదుటే సీసా ఎవరిచ్చారని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడ కారులో మళ్ళీ అడుగుతుంది, అడగకుండా ఉండే మనిషి కాదు. ఆవిణ్ణి అతని చేతికి అప్పగించిన కాగితం మీద సాక్షి సంతకం తనది.

తలుపు వైపు పరుగెత్తబోయింది. ఒక్క అడుగు వెయ్యగానే చెప్పులో కాలు జారింది. వంగి చూసింది. పెడల్ కొట్టుకున్న చోట మేజోడు నల్లగా తడిసి, మడమ దాకా అంటుకుపోయి ఉంది. ఎప్పటి నుంచి కారుతోందో తెలియదు. ఆమె ఇంతసేపూ నిలబడే ఉంది.

గోడలు కొద్దిగా ఊగాయి. ఆమె నిలబడలేదు. బల్లకీ గోడకీ మధ్య ఉన్న ఖాళీలో గచ్చు మీద వెల్లకిలా పడుకుని, మాస్టర్ భార్య కూర్చునే ఎత్తుపీటని కాలితోనే లాక్కుని, కాలు దాని మీదికెత్తింది. రుమాలు మడిచి చీలమండ మీద బలమంతా పెట్టి ఎడమచేత్తో అదిమింది. కుడిచేత్తో ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కింది. రెండోసారి మోగగానే ఎత్తాడు.

"ఏం మేడం, ఓడిపోయానని చెప్పడానికా?"

"అవును, ఓడిపోయాను. ఆ కారు ఆపించండి. మాత్రలు అన్నయ్యవి. ముందు ఆవిణ్ణి ఆ కారులోంచి దింపండి. తర్వాత ఇక్కడికొక అంబులెన్సు పంపించండి. నేను మింగిందీ అలాంటి సీసాలోదే."

అవతల కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు, ఎవరికో బండి తియ్యమని కేక వినబడ్డాయి. మళ్ళీ లైన్లోకి వచ్చినప్పుడు ఆయన గొంతులో ముల్లు లేదు.

"మీరెక్కడున్నారు?"

"కటింగ్ మాస్టర్ పడిపోయిన చోటే" అంది డిటెక్టివ్.